సర్వర్ గదిలో ఎలుక బోను

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున పది గంటలకు నా ఫోన్ ఒక్క రింగుతో ఆగలేదు. రెండోసారి మోగింది, మూడోసారి మోగింది. నాకు అప్పుడే తెలిసిపోయింది. మా సర్వర్ సార్ అయితే ఒక్క రింగుకే కట్ చేస్తాడు. ఎత్తితే ఆయన భార్య. "అన్నా, మీ సార్ ఇగ లేడు" అంది. కాలేజీలో సర్వర్ గది ముందు స్టూలు మీద కూర్చున్నవాణ్ని లేచి లోపలికి వెళ్లి చూశాను. లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి. నడిపే మనిషి పోయినా ఆ డబ్బాలకు సంగతి తెలియలేదు.

ఇబ్రహీంపట్నంలో మా ఇంజనీరింగ్ కాలేజీ పత్రికకు సార్ గురించి రాయమని ప్రిన్సిపల్ అందరినీ అడిగారు. వాచ్‌మన్‌నైన నన్ను అడగలేదు. నేను తెలుగులో నాలుగో తరగతి చదివి, ఆ తర్వాత గొర్రెలు కాసినవాణ్ని. అయినా సార్ గురించి నాకు తెలిసినంత కోట్లు వేసుకున్నవాళ్లెవరికీ తెలియదు. అందుకని అడగకపోయినా రాస్తున్నాను. వేస్తే వేయండి, లేకపోతే మానెయ్యండి.

కాలేజీ కంప్యూటర్లన్నీ సార్ చేతిలో ఉండేవి. కిడ్నీలు చెడిపోయి వారంలో మూడు రోజులు దవాఖానకు పోవాల్సి వచ్చాక, బడంగ్‌పేట్‌లో తన ఇంట్లో మంచం మీద నుంచే పని చేస్తానని అడిగాడు. ప్రిన్సిపల్ సరే అన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. "ఒక్కసారి పని ఆగిందా, కొత్త మనిషిని పెట్టుకుంటం. తర్వాత నన్ను అనొద్దు." ఆ పని కూడా పోతే తాను ఉత్త రోగిగా మిగిలిపోతానని సార్ భయం. ఆ మాట ఆయన నాకొక్కడికే చెప్పాడు.

అట్లా ఆయన అక్కడ, డబ్బాలు ఇక్కడ, మధ్యలో నేను. దీన్ని రిమోట్ అంటారట. పొద్దున పదింటికి ఆయన ఇంటి నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయి నాకు ఒక్క రింగు ఇచ్చేవాడు. నేను లోపలికి పోయి లైట్లు చూసి, బాగుంటే తిరిగి ఒక్క రింగు ఇచ్చేవాణ్ని. ఇద్దరం ఫోన్ ఎత్తకూడదు.

"దీన్ని పింగ్ అంటరు కాకా. ఒక కంప్యూటర్ ఇంకోదాన్ని ఉన్నవా అని అడుగుతది. అది ఉన్న అంటది. గంతే."

"గింత దానికి మళ్ల పేరొకటా సార్? గుట్ట మీద గొర్ల కాడ మేం రోజూ కూత పెట్టుకునేటోళ్లం. ఇటు నుంచి ఓ అంటే అటు నుంచి ఓ అనెటోడు."

"అవతలోడు పలకకపోతే?"

"తాగి పండుకున్నడు అనుకునేటోళ్లం."

"అదే కాకా! పలకకపోతే చచ్చిండని కాదు. పండుకోవచ్చు, దారి తెగొచ్చు, పలకొద్దని ఎవడన్న చెప్పొచ్చు. ముందుగాల దారి చూడాలె. ఏడుసుడు తర్వాత."

ఆయన దేవుడేం కాదు, చాదస్తం మనిషి. లైటు పచ్చగా ఉందంటే సరిపోయేది కాదు. కదలకుండా ఉందా, కొట్టుకుంటుందా, ఎంత తొందరగా కొట్టుకుంటుందని ప్రాణం తీసేవాడు. శనివారం మాత్రం పూర్తిగా ఫోన్ చేసి అరగంట పాఠం చెప్పేవాడు. నేను ఏ మాటా ఊరికే ఒప్పుకునేవాణ్ని కాదు.

"ఐపీ అడ్రస్ అంటే ఇంటి నంబర్ లెక్క" అన్నాడు ఒక శనివారం.

"మా వాడల ఇంటి నంబర్ ఎవనికి యాదికుంటది సార్? పేరు చెప్పి అడుగుతరు."

"ఎవర్ని అడుగుతరు?"

"మూల మీద కిరాణం ముసలమ్మను. ఆమెకు అందరి ఇండ్లు ఎరుకే."

"గామెనే డీఎన్ఎస్. మనం పేరు చెప్తం, ఆమె నంబర్ చెప్తది."

"మరి ముసలమ్మ ఊరికి పోతే?"

"ఇంటర్నెట్ పోయిందని అందరు మొత్తుకుంటరు. ఇంటర్నెట్ ఏడికి పోలే కాకా. ముసలమ్మ బిడ్డ దగ్గరికి పోయింది."

బ్యాండ్‌విడ్త్ అంటే చెరువు తూము అని చెప్పాడు. చెరువులో ఎన్ని నీళ్లున్నా తూము సందు ఎంతో పారకం అంతే. ఫైర్‌వాల్ అంటే గేటు దగ్గర నిలబడి ఎవరిని లోపలికి వదలాలో, ఎవరిని తరమాలో చూసేది అన్నప్పుడు మాత్రం నేను వాదించలేదు. అది నా పనే.

ఇక గుడ్డల సంగతి. సర్వర్ గదిలో తీగలకు ఇంగ్లీషు చీటీలు అంటించి ఉండేవి. నేను నా భార్య పాత చీరలు చింపి వాటికి పేలికలు కట్టాను. బయటి నుంచి ఇంటర్నెట్ వచ్చే తీగకు ఎర్రది, ల్యాబ్‌కు పోయేదానికి పసుపు, ఆఫీసుకు నీలం. గొర్రెల వీపు మీద జాజు పూసి మందను గుర్తుపట్టినవాణ్ని, నాకు చేతనైంది అదే. సార్‌తో మాత్రం, "ఏసీ చల్లకు చీటీలు ఊడుతున్నయ్ సార్" అన్నాను. "మంచిగ చేసినవ్ కాకా" అన్నాడాయన. ఆ రోజు నుంచి ఫోన్‌లో ఎర్ర గుడ్డ, పసుపు గుడ్డ అనే చెప్పేవాడు.

పోయిన ఏడు ఆన్‌లైన్ పరీక్షలు పెట్టారు. పదకొండింటికి పరీక్ష. పదిన్నరకు ఫోన్ మోగింది, ఆగలేదు. ఎత్తితే సార్.

"కాకా, బుద్ధి తక్కువ పని చేసిన. ఫైర్‌వాల్‌ల ఒక రూల్ మార్చబోయి నేనొచ్చే దారే మూసిన. నేను బయట, గొళ్లెం లోపట. కాలేజీ ఇంటర్నెట్ గూడ ఆగింది."

"గింత సదువుకొని గట్లెట్ల చేస్తిరి సార్?"

"తిట్టుడు తర్వాత. మార్చింది ఇంక సేవ్ చేయలే. ఫైర్‌వాల్ బంద్ చేసి మళ్ల వేస్తే పాత రూల్ తోటే లేస్తది. లోపట రెండు నల్ల డబ్బాలుంటయ్, ఒకదాని మీద ఒకటి. ఫైర్‌వాల్ అని రాసున్నది బంద్ చెయ్యి. రెండోది ముట్టకు. దాంట్ల పరీక్ష పేపర్లున్నయ్."

లోపలికి పోయి చూస్తే రెండు డబ్బాలూ కవల పిల్లల్లా ఉన్నాయి. రెండింటి మీదా ఇంగ్లీషే. ల్యాబ్‌లో పిల్లల గోల మొదలైంది. మెట్ల మీద ప్రిన్సిపల్ బూట్ల చప్పుడు వినిపిస్తోంది. తప్పు డబ్బా నొక్కితే సార్ పని అయిపోయినట్టే. ఎవరి ముందూ తల వంచనివాణ్ని నేను. మూడేళ్లుగా దాచిన మాట ఆ రోజు చెప్పక తప్పలేదు.

"సార్, నాకు గా అక్షరాలు రావు."

"తెలుసు కాకా."

"ఎప్పటి సంది?"

"నువ్వు గుడ్డలు కట్టినప్పటి సంది. ఏసీకి చీటీలు ఊడుతయా ఏంది? తప్పు నాదే, గాబరల మరిచి రాత చదవమన్న. ఎర్ర గుడ్డ తీగ పట్టుకో. అది ఏ డబ్బాలకు పోతే గదే ఫైర్‌వాల్."

ఎర్ర పేలిక దగ్గర తీగ పట్టుకుని వేళ్లతో తడుముకుంటూ పోయాను. పై డబ్బాలోకి పోయింది. వెనక మీట నొక్కాను. దాని లైట్లన్నీ ఆరిపోయాయి. ముప్పై లెక్కపెట్టమన్నాడు. గొర్రెలు లెక్కపెట్టినట్టు ముప్పై లెక్కపెట్టి మళ్లీ నొక్కాను. కాసేపు ఎర్రగా, కాసేపు పసుపుగా ఊరించి చివరికి పచ్చగా వెలిగింది. సార్ టక్కున ఫోన్ పెట్టేశాడు. నాకు కోపం వచ్చేలోపే ఒక్క రింగు మోగి ఆగింది. లోపలికి వచ్చేశాడు.

అప్పుడే ప్రిన్సిపల్ తలుపు తోసుకుని వచ్చారు. "ఇంటర్నెట్ ఎందుకు ఆగింది? ఎవరు చేసిన్రు?"

"ఎలుక సార్" అన్నాను.

"ఎలుకనా?"

"తీగ గుంజింది. నేను చూసి సక్కగ పెట్టిన."

"నువ్వు కండ్లార చూసినవా?"

"గింత పొడుగుంది సార్" అని మోచెయ్యి దాకా చూపించాను.

సాయంత్రానికే ఎలుక బోను వచ్చింది. రోజూ అందులో కొబ్బరి ముక్క పెట్టాలని, ఎలుక పడితే వెంటనే చెప్పాలని నాకు హుకుం. ప్రిన్సిపల్ గారూ, ఇది చదువుతుంటే వినండి. ఎలుక లేదు. ఎన్నడూ లేదు. సార్ పని నిలబడాలని నేనే పుట్టించాను. కొత్త మనిషిని పెట్టుకోవాలంటే ఇప్పుడు నన్ను తీసేసి కొత్త వాచ్‌మన్‌ని పెట్టుకోండి.

ఆ తర్వాత ప్రతి శనివారం సార్ పాఠం ఒకే మాటతో మొదలయ్యేది.

"ఎలుక పడ్డదా కాకా?"

"పడలే సార్."

"మస్తు ఉషారున్నట్టుంది."

ఇద్దరం నవ్వేవాళ్లం. నవ్వితే ఆయనకు ఆయాసం వచ్చేది, అయినా అడగడం మానలేదు. ఒకసారి అన్నాడు: "సర్వర్ కాడికి దారి ఒక్కటే ఉండొద్దు కాకా. ముందు దారి మూసుకపోతే పెరటి దారి ఉండాలె. నాకు పెరటి దారివి నువ్వే." నన్ను పెరటి దారి అన్నందుకు అలిగి రెండు రోజులు తిరుగు రింగు ఇవ్వలేదు. మూడో రోజు ఆయనే ఫోన్ చేసి, "లైట్లు మంచిగనే ఉన్నయ్, మనిషే పలుకుతలేడు" అన్నాడు.

కబురు విన్న రోజు బస్సు, ఆటో పట్టుకుని బడంగ్‌పేట్ పోయాను. అన్నేళ్లు ఫోన్‌లో మాట్లాడిన మనిషి ఇంటి గడప తొక్కడం అదే మొదలు. మంచం పక్కన చిన్న బల్ల, దాని మీద మూసిన ల్యాప్‌టాప్. గోడ నుంచి దానికి వచ్చిన తీగకు ఎర్ర గుడ్డ పేలిక కట్టి ఉంది.

"ఇదేంది చెల్లే?" అని ఆయన భార్యను అడిగాను.

"నా చీర కొంగు చింపి కట్టుకుండన్నా. కాకా ఎర్ర గుడ్డ అన్నప్పుడు నా కండ్ల ముంగట గూడ ఎర్ర గుడ్డ ఉండాలె అనెటోడు."

అన్ని అక్షరాలు వచ్చిన మనిషికి గుడ్డ దేనికి? నేను అక్కడ ఏడవలేదు. ఏడుపు తర్వాత అని ఆయనే చెప్పాడు కదా. తిరుగు బస్సు ఎక్కాక సంగతి వేరు.

సార్ పనికి ఇప్పుడొక మేడమ్ వచ్చింది, చురుకైన పిల్ల. మొన్న బోను చూసి, "ఇక్కడ ఎలుకలున్నాయా?" అంది. "ఒకటుంది మేడమ్, మస్తు ఉషారు" అన్నాను.

ఈ రాత అచ్చయ్యాక బోను తీసేయమంటారేమో. నేను తీయను. ఈ రోజు కూడా పదింటికి లోపలికి పోయాను, లైట్లు చూశాను, ఎండిన కొబ్బరి ముక్క తీసి కొత్తది పెట్టాను. బోను తలుపు తెరిచే ఉంది. ఎర్ర గుడ్డ తీగ పక్కన కొట్టుకుంటున్న పచ్చ లైటు ఆ తెల్లటి ముక్క మీద పడుతూ, పోతూ, మళ్లీ పడుతూ ఉంది.