ఎడారి చేమంతులకు పైపు పట్టిన ఎండాకాలం

కరోనా తగ్గిన మరుసటి ఎండాకాలం, భానూర్ దారిలోని ఒక పంపుల ఫ్యాక్టరీలో నేను కాంట్రాక్టు మాలిని. మా ముఠాకు మేస్త్రీ చిట్కుల్ యాదమ్మ. ఆమెపైన తోటల ఆఫీసరు, ఆయనపైన జీఎం. మొక్కలు అందరికంటే కింద.

హెడ్డాఫీసు వాళ్లు వస్తున్నారని, నీళ్లు ఆదా చేసే తోట చూపించాలని గేటు పక్కన ఎడారి చేమంతులు వేయించారు. జానెడు కూడా లేని మొక్కలు, మన గడ్డిచేమంతికి దూరపు చుట్టాలు. ఒక్క పువ్వులా కనిపించేది నిజానికి చిన్న పూల గుంపు. ఆకుల మీది తెల్లని నూగు ఎండను ఆపి లోపలి తడిని కాపాడుతుంది. ఒక్క వాన పడితే చాలు, గబగబా పూసి, గింజలు రాల్చి ఎండిపోతాయి. గింజలు మళ్లీ వాన పడేదాకా మట్టిలో ఆగుతాయి. ఇదంతా ఆఫీసరే మాకు ఓపికగా చెప్పాడు. తడి ఎక్కువైతే మొదళ్లు కుళ్లుతాయన్నాడు. పూలు రాకపోతే మేస్త్రీ గేటు పాసు పోతుందని కూడా అన్నాడు. యాదమ్మ ఇల్లు ఆ పాసు మీదే నడిచేది.

మేం నీళ్లు పోయలేదు. మర్నాడే జీఎం కారు ఆపి, ఊరికే నిలబడ్డారేమని కసిరాడు. చేతిలో పైపు లేని మాలి ఖాళీగా ఉన్నట్టే ఆయన లెక్క. కారు వెళ్లాక ఆఫీసరు గొంతు తగ్గించి, "ఆయన కారు కనబడినప్పుడు మాత్రం కాస్త తడపండమ్మా" అన్నాడు.

ఆ కారు టీకి తిరిగేది, భోజనానికి తిరిగేది, ఏ పనీ లేకపోయినా తిరిగేది. ట్యాంకరు రోజూ ఖాళీ అయ్యేది. మడి మధ్యలో 'నీటిని కాపాడుదాం' అని బోర్డు. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న నేను పైపు పట్టుకుని రోజూ దాన్నే చదివేదాన్ని.

కొన్నాళ్లకే నూగు నల్లబడింది. సగం మొక్కలు మొదళ్లు మెత్తబడి వాలిపోయాయి. ఆఫీసరు నిట్టూర్చాడు. జీఎం మాత్రం నీళ్లు చాలలేదన్నాడు.

ఆ రోజు కారు మలుపు దగ్గర కనబడగానే యాదమ్మ నా చేతిలోని పైపును మడి చుట్టూ ఉన్న సిమెంటు గట్టు వైపు తిప్పింది.

"వదినె, గట్టుకు పొయ్యి. నీళ్లు సారుకు గావాలె, పువ్వుకు గాదు."

గట్టు తడిసింది. కారు ఆగకుండా పోయింది. అట్లా రోజూ గట్టునే తడిపాం. మిగిలిన మొక్కలు ఆరి, తేరుకుని, పెద్దలు వచ్చే నాటికి పచ్చగా పూశాయి. జీఎం వాటి పక్కన ఫొటో దిగి, క్రమం తప్పకుండా నీళ్లు పెట్టిస్తున్నానని అతిథులకు చెప్పాడు. అవునా అన్నట్టు వాళ్లు యాదమ్మ వైపు చూశారు.

"సారు చెప్పినట్టే రోజు పోసినం" అంది యాదమ్మ. పాసు నిలిచింది.

తోటపనిలో నీళ్లు ఎవరి కోసం పోస్తున్నామో ముందు తేల్చుకోవాలి. తర్వాత నేను మేస్త్రీనయ్యాక, కొత్తగా చేరినవాళ్లకు ముందు గట్టు చూపించి, ఆ తర్వాతే మొక్కలు చూపించేదాన్ని.