తెల్ల ఎలుగు పొట్ట మీద అయిదు వేళ్లు

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూస్తే, ఏం పని చేస్తావని అడగక్కర్లేదు. జీడిరసానికి వేళ్లు నల్లగా కమిలి ఉంటాయి. పోలమ్మ చేతులూ అంతే. కాకపోతే మిగతావాళ్లు వాటిని చూసి విసుక్కునేవారు, పోలమ్మ భయపడేది. ఒకటి రెండు కాదు, ఎనిమిదేళ్లు భయపడింది.

తొంభై తొమ్మిది తుఫాను నాటి సంగతి. అప్పుడామె ఝాన్సీలక్ష్మి గారింటి వెనక జీడిబట్టీలో పనిచేసేది. ఇంటివాళ్లు టెక్కలిలో పెళ్లికి వెళ్లారు. గాలి ముదిరి పెంకులు లేచిపోయేదాకా పిక్కలు కొడుతూనే ఉన్న మహాతల్లి మన పోలమ్మ. తీరా చూస్తే ఇంట్లో ఎలుగుబంటి బొమ్మల గదిలో వాన ధారకట్టింది. ఆ బొమ్మలంటే అమ్మగారికి ప్రాణం. తాతగారు కలకత్తా నుంచి తెచ్చినవీ ఉన్నాయి వాటిలో. పని దిగేటప్పుడు బూడిదతో చేతులు రుద్దుకోవాలి, ఆ హడావిడిలో అదెవరికి గుర్తు? పోలమ్మ ఒక్కొక్క బొమ్మనూ మోసి ఇనప బీరువాలో పెట్టింది. ఆఖరిది తెల్లది. దాని పొట్ట మీద అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి.

జీడి మరక చాకలికే లొంగదు. కుంకుడు రసంతో తోమితే ఇంకా పాకింది. బొమ్మను బోర్లా పడుకోబెట్టి వెళ్లిపోయిన పోలమ్మ మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ తర్వాత వీధిలో ఏ జీపు ఆగినా పోలీసులే అనుకుని, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వంటింట్లోకి దూరేది.

రెండువేల ఏడులో ఆ గదినే బొమ్మల మ్యూజియం చేశారు. పోలమ్మ మనవరాలు దేవి చూస్తానని ఒకటే గొడవ. తెల్లది ఉందో పారేశారో పోలమ్మకూ తెలుసుకోవాలని ఉంది.

“తోటలో ఎలుగొత్తే పరిగెడతావు, బొమ్మెలుగుని సూడ్డానికి కొత్త సీర కడతన్నావేటే?” అన్నాడు మొగుడు నూకయ్య.

పోలమ్మ చేతులు కొంగులో దాచుకుని మనవరాలి వెనకే మ్యూజియం లోపలికి వెళ్లింది. తెల్ల ఎలుగు గది మధ్యలో, అద్దాల పెట్టెలో కూర్చుని ఉంది. మరక ఎదురుగానే ఉంది. పోలమ్మ కొంగుని చేతులకు ఇంకా గట్టిగా చుట్టుకుంది.

పక్కన ఝాన్సీలక్ష్మి గారు పిల్లలకు చెబుతున్నారు. “తుఫానులో వీటన్నిటినీ ఎవరో బీరువాలో దాచారమ్మా. బట్టీలో అందరినీ అడిగాను, ఎవరూ చెప్పలేదు. ఆ మనిషి గుర్తుగా నా దగ్గరున్నది ఈ చెయ్యొక్కటే.”

పోలమ్మకు కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. ఎనిమిదేళ్ల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. అయినా నోటికి వచ్చింది మాత్రం క్షమాపణే.

“కుంకుడుకాయ ఏసి తోమేనమ్మగారూ. నానెంత తోమినా పోనేదు.”

ఝాన్సీలక్ష్మి గారు ఆమెను చూశారు. కొంగు తప్పించి ఆ నల్లటి చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

“మంచిపనైంది పోలమ్మా,” అన్నారు. “ఇంకెప్పుడూ తోమకు.”

తిరుగుదారిలో జంక్షన్ దగ్గర సర్వీసు జీపొకటి వస్తోంది. పోలమ్మ చెయ్యెత్తి ఆపి, మనవరాలిని ముందు ఎక్కించి, తనూ ఎక్కి కూర్చుంది.