కోటలో ఆడవాళ్ల సంగతి

మా కింది ఇంటి సార్ పోయారన్న కబురు నేను మసీదు మైకులో విన్నాను. తెల్లవారుజామున ఫజర్ నమాజు అయిపోయాక ఎవరో పోయారని చెప్పి, పూర్తి పేరు, తండ్రి పేరు చదివారు. కాశిబుగ్గలో అందరికీ ఆయన సారే. అందుకే ఆ పేరు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. చరిత్ర చెప్పిన రిటైర్డ్ టీచరు అనగానే చేతిలో ఉన్న చాయ్ గిన్నె కింద పెట్టేశాను. సార్, ఆయన భార్య ఖాలమ్మ ఇద్దరూ దవాఖానలోనే ఉన్నందున కింది ఇంటికి తాళం వేసి ఉంది. నిండు నెలలతో మెల్లగా మెట్లు దిగి, వాళ్లు వచ్చేదాకా ఆ గడప ముందే కూర్చున్నాను.

మేము వాళ్ల పై గదిలో అద్దెకు ఉంటాం. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. జపాన్ అంటే మా ఆయన మెకానిక్ షాపులో బండ్ల గురించి మాట్లాడేటప్పుడు విన్న పేరు, అంతే. సార్‌కు మాత్రం ఆ దేశపు పాత యుద్ధాలంటే ప్రాణం. అక్కడ దొరల కింద కత్తి పట్టిన యోధులను సమురాయిలు అనేవాళ్లట. ఆ దొరలు తరతరాలుగా ఒకరి మీద ఒకరు దండెత్తుకున్నారట.

ఎండాకాలం సెలవుల్లో సాయంత్రం కాగానే గల్లీ పిల్లలు డాబా ఎక్కేవాళ్లు. సార్ సుద్దముక్కతో నేల మీద కొండలు, వాగులు గీసేవారు. కారానికి ఎండబోసిన మిరపకాయలు ఒక సైన్యం, పసుపు కొమ్ములు ఇంకో సైన్యం. ఎవరు గెలిచారో ఆయన చివరిదాకా చెప్పేవారు కాదు. ఆ రోజు పొగమంచు ఉందా, దారి బురదగా ఉందా, గుర్రాలకు మేత ఎక్కడి నుంచి వచ్చింది, ఇవన్నీ ముందు అడిగేవారు. "కత్తి గురించి అందరు చెప్తరు. బియ్యం బండి గురించి అడగాలె" అనేవారు. ఖాలమ్మ మెట్ల మీది నుంచే కేకేసేది.

"రేపు కారం, పసుపు పట్టియ్య గిర్నికి పోవాలె. నీ ఫౌజును జల్ది ఇడిసిపెట్టు."

"ఓడినోళ్లను ముందు పట్టియ్యి బేగం. గెలిచినోళ్లతో ఇంక పనుంది."

నేను బట్టలు ఆరేసే వంకతో నీళ్ల ట్యాంకు వెనక నిలబడి వినేదాన్ని. పెద్దవాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. ఒకరోజు సార్ ఒక కోటను గీసి, చుట్టూ మిరపకాయలు పేర్చారు. లోపలివాళ్లకు బయటికి దారి లేదన్నారు. నాకు అప్పుడు మూడో నెల. ముందు ఏడాది ఒక కడుపు పోయింది. ఈసారి సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఏమనుకున్నానో ఏమో, నోటి నుంచి మాట జారింది.

"ఆ కోటల ఆడోళ్లు లేరా సార్?"

పిల్లలు నవ్వారు. వంట చేస్తుండచ్చని ఒకడు అన్నాడు. సార్ నవ్వలేదు. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"తెల్వది బిడ్డా. ఇన్నేండ్లు కోట బయటనే నిలబడి చెప్పిన. లోపలికి పోలే. తెలుసుకొని చెప్త."

మరిచిపోతారనుకున్నాను. కానీ మోకాళ్ల నొప్పులతోనే ఆటో ఎక్కి హనుమకొండ లైబ్రరీకి తిరిగారు. పాత శిష్యులకు ఫోన్లు చేసి పుస్తకాలు తెప్పించుకున్నారు. నేను ఎదురుపడితే చాలు, ఖాలమ్మ దెప్పేది. "నీ ఒక్క మాటకు మా ఆయన మళ్ల నౌకరీల చేరిండు."

వానలు పడుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం నన్ను కిందికి పిలిచి కుర్చీలో కూర్చోమన్నారు. ఆయన ముందు నేను కూర్చోవడం అదే మొదటిసారి. అలాంటి ఒక కోటలో ఉన్న ఆడపిల్ల, ముసలితనంలో చిన్నపిల్లలకు చెప్పుకున్న మాటలు దొరికాయట. కోటలో ఆడవాళ్లు సీసం కరిగించి తుపాకీ గుండ్లు పోసేవాళ్లట. తమవాళ్లు తెచ్చిన శత్రువుల తలలు కడిగి, పేర్ల చీటీలు కట్టి వరసగా పెట్టేవాళ్లట. ఆ తలల మధ్యే పడుకునేవాళ్లట. ఆ పిల్ల తమ్ముడు ఆమె కళ్ల ముందే గుండు తగిలి చనిపోయాడట. చివరికి తండ్రి ఇంటిల్లిపాదినీ గోడ మీది నుంచి తాడుతో దించాలనుకున్నాడు.

"తల్లి ఒట్టి మనిషి గాదు" అని సార్ ఆగిపోయారు. అప్పటికి నా కడుపు కనబడుతోంది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, మిగతాది మళ్లీ చెబుతానన్నారు.

ఎందుకు ఆపారో నాకు అర్థమైందనుకున్నాను. ఆ తల్లి తాడు మీది నుంచి జారిపడి ఉంటుంది. లేదా బిడ్డ పోయి ఉంటుంది. మెట్లు దిగుతుంటే అదే గుర్తొచ్చేది, బావి దగ్గర నీళ్లు తోడుతుంటే అదే. అడగడానికి నోరు రాలేదు. ఇంతలో సార్‌కు ఆయాసం ఎక్కువై హనుమకొండ దవాఖానలో చేర్చారు.

ఆయనను చూడాలని మా ఆయనతో నేనే అన్నాను. అంత దూరం ఎట్ల పోతవని గొణిగినా, ఆటో మాట్లాడి తీసుకుపోయాడు. ఖాలమ్మ నన్ను మంచం పక్కన కూర్చోబెట్టింది. ఎలా ఉన్నారని అడగడం కూడా మరిచిపోయాను.

"ఆ తల్లి ఏమైంది సార్?"

సార్ నా వైపు తల తిప్పారు. "ఇన్ని రోజులు గదే ఫికర్ మోసినవా? నువ్వు భయపడ్తవని ఆపిన బిడ్డా. ఆపినందుకే భయపడ్డవు. జర దగ్గరికి రా."

మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పారు. తాడు తెగలేదు. పెద్ద తొట్టిలో కూర్చొని కందకం దాటారు. నడుస్తుండగా పొలాల మధ్య తల్లికి నొప్పులు వచ్చి ఆడపిల్ల పుట్టింది. వెంట వచ్చినామె బిడ్డను తన బట్టలో చుట్టుకుంది. తల్లిని తండ్రి భుజాన ఎత్తుకున్నాడు. ఎవరినీ వదలకుండా ముందుకు నడిచారు.

"బిడ్డకు స్నానం?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

సార్ రెండు చేతులూ దగ్గరికి తెచ్చి దోసిలి పట్టారు. ఒక చేతికి సెలైన్ సూది, దాని మీద తెల్ల పట్టీ. ఆ దోసిలిని ఆకుపచ్చ దుప్పటి మీదికి దించి, వరి మడిలో నీళ్లు ముంచినట్టు మెల్లగా పైకెత్తారు. వేళ్లను ఒకదానికొకటి గట్టిగా ఆనించి, ఒక్క చుక్క కూడా కారిపోకుండా, చాలాసేపు అలాగే పట్టుకున్నారు.