హాల్లో వెలిగించిన చిచ్చుబుడ్డి

మా చిన్నప్పుడు ఒక దీపావళికి మా ఇంట్లో చిచ్చుబుడ్డి తలకిందులుగా కాలింది... రవ్వలు పైకి ఎగరకుండా సరాసరి నేలలోకి దూకేశాయి! కంగారు పడకండి, ఎవరికీ చెయ్యి కాలలేదు. అది కంప్యూటర్‌లో చిచ్చుబుడ్డి.

అప్పట్లో మేం అమెరికాలో, ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నేను సిక్స్త్ గ్రేడ్. నాన్న పొద్దున్నే ట్రైన్ పట్టుకుని ఆఫీస్‌కి వెళ్లిపోయేవారు. అమ్మ తెనాలిలో ఉన్నప్పుడు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. ఇక్కడికొచ్చాక డిపెండెంట్ వీసా... ఉద్యోగం చేయడానికి లేదు. ఇల్లు అద్దంలా ఉంచేది, తోమిన గిన్నెలే మళ్లీ తోమేది. మాట మాత్రం బాగా తగ్గిపోయింది.

ఆ ఏడు పండగ ముందు అపార్ట్‌మెంట్ ఆఫీస్ వాళ్లు తలుపు తలుపుకీ కాగితం అంటించారు. బాణసంచా సంగతి సరే, కాకరపువ్వొత్తి కూడా వెలిగించకూడదట. పక్క బిల్డింగ్‌లో ఉండే సునీత ఆంటీ వాళ్ల చిన్నపిల్ల లాస్య మెట్ల మీద కూర్చుని ఒకటే ఏడుపు. దాన్ని ఊరుకోబెట్టబోయి నోరు జారాను...

"ఏడవకు లాస్యా, మా కంప్యూటర్‌లో కాలుద్దాం. ప్రామిస్!"

సాయంత్రానికల్లా ఆ ప్రామిస్ పిల్లలందరికీ పాకిపోయింది. నాకేమో ఒక్క లైను కోడ్ రాయడం కూడా రాదు!

అమ్మతో చెబితే తిడుతుందనుకున్నా. చెప్పులు వేసుకుని "పద లైబ్రరీకి" అంది.

అక్కడ దొరికింది ఆ పుస్తకం... బొమ్మలు గీసి, వాటిని కోడ్‌తో కదిలించి, మౌస్‌తో ఆడించడం నేర్పే పుస్తకం. ఇటుకంత లావు. వెనక అట్టకి సీడీ ఉండాల్సిన కవరు ఖాళీ. అంటే ప్రతి అక్షరం మేమే టైప్ చేసుకోవాలన్నమాట.

నేను స్కూల్ నుంచి రాగానే అమ్మ జంతికల గిన్నె పెట్టుకుని, ముక్కాలిపీట నా కుర్చీ పక్కకి లాక్కునేది. పేజీలు మూసుకుపోకుండా అప్పడాల కర్ర అడ్డం పెట్టేది. తను చదివేది, నేను టైప్ చేసేదాన్ని. మొదట ఒక బంతి కదిలింది. మౌస్ ఎటు తిప్పితే అటు ఉరికింది. అమ్మ పకపకా నవ్వింది... ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో నాకు అప్పుడే తట్టింది.

ఆ తర్వాత నిప్పురవ్వల చాప్టర్. అమ్మ హుషారు చూడాలి!

"గ్రావిటీ నాకొదిలెయ్యవే. పైకి ప్లస్, కిందకి మైనస్. కళ్లు మూసుకుని చెప్తా."

క్లిక్ చేశాను. రవ్వలన్నీ నేలలోకి...

"అమ్మా, నీ ఫిజిక్స్ రాంగ్."

"నా ఫిజిక్స్ రాంగేంటే! నువ్వే ఏదో తప్పు కొట్టుంటావ్."

ఇద్దరం కాసేపు మూతులు ముడుచుకున్నాం. ఉక్రోషం కొద్దీ నేను ఒకే ఒక్క చుక్క తీసుకుని సున్నా దగ్గర పెట్టి చూశాను. అది కింద ఉండకుండా స్క్రీన్ పై మూలకి వెళ్లి కూర్చుంది! పుస్తకం వెనక్కి తిప్పితే, మేం చదవకుండా దాటేసిన చోట రాసే ఉంది... కంప్యూటర్ తెర మీద కొలత పైనుంచి కిందకి వస్తుందని.

అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓరి వీళ్ల దుంపతెగ! ఆకాశం దగ్గర సున్నా పెట్టుకున్నారే!"

గుర్తులు తిరగేశాం. చిచ్చుబుడ్డి రవ్వలు జివ్వున పైకి లేచాయి.

పండగ సాయంత్రం మా హాల్లో ఇసక వేస్తే రాలనంత జనం. దుప్పట్లు పరిచి, లైట్లు ఆర్పేశాం. లాస్య నొక్కింది... బంగారు రవ్వలు! పిల్లలు ఈలలు, కేకలు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు... ఉన్నట్టుండి కంప్యూటర్ బిగుసుకుపోయింది. రీస్టార్ట్ చేశాను. కాసేపు ఆడి మళ్లీ అంతే. అంతమంది ముందు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అమ్మ వంటింట్లోంచి చెంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"కిందపడ్డ రవ్వలు ఎక్కడికి పోతున్నాయే?"

"స్క్రీన్ బయటికి..."

"మనకి కనపడకపోయినా కంప్యూటర్ వాటిని మోస్తూనే ఉందిగా పాపం. పోయినవాటిని తీసెయ్యాలి. లే, నన్ను కూర్చోనీ."

పుస్తకం తెరిచి, పేజీ వెతికి, రెండు వేళ్లతో తనే టైప్ చేసింది. సాఫ్ట్‌వేర్ అంకుల్స్ అందరూ మెడలు చాచి చూస్తున్నారు. నాన్న అయితే చేతిలో కాఫీ ట్రే కింద పెట్టడం కూడా మరిచిపోయారు.

"ఇప్పుడు నొక్కు లాస్యా."

హాలంతా బంగారు వెలుగు! ఇక ఆగలేదు. భోజనాలు చల్లారిపోయేదాకా పిల్లలు ఆ కుర్చీ వదల్లేదు.

సునీత ఆంటీ అమ్మ చెయ్యి పట్టుకుంది. "అక్కా, గిదంతా మీరే చేసిండ్రా! మా లాస్యకి గూడ నేర్పిస్తరా?"

"మా అమ్మాయీ నేనూ కలిసి నేర్చుకున్నాం. శనివారం పంపించు... నువ్వూ రా" అంది అమ్మ.

అలా మొదలయ్యాయి మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో శనివారం క్లాసులు. ఫీజు లేదు, పరీక్ష లేదు. గంజి పెట్టిన కాటన్ చీర కట్టుకుని, బోర్డు ముందు నిలబడి, గొంతు పెంచి పాఠం చెబుతున్న అమ్మని నేను అక్కడే మళ్లీ చూశాను. కొన్నేళ్లకి వర్క్ పర్మిట్ వచ్చాక కమ్యూనిటీ కాలేజీలో లెక్చరర్‌గా చేరింది. ఇప్పటికీ పాఠాలు చెబుతోంది.

మొన్న నా కూతురు తన టాబ్లెట్‌లో ఏఐని అడిగితే అది నిమిషంలో ఇలాంటి ఆటే చేసిచ్చింది. మాదానికంటే ఎంతో అందంగా ఉంది, అబద్ధమెందుకు! చూసి ముచ్చటేసింది. తను ఆ గదిలో ఆడుకుంటోంది, నేను ఈ గదిలో లాప్‌టాప్ ముందు... ఒకే పేజీలోకి ఇద్దరం తొంగిచూడాల్సిన అవసరం ఎవరికీ రావడం లేదు.

మీరు ఎవరి భుజానికి భుజం ఆనించి ఏం నేర్చుకున్నారు? ఆ మనిషి గురించి కాస్త రాయండి... తీరిగ్గా చదువుకుంటాను.