దారి మీది, నీళ్ళు నావి

అది జూన్ నెల మూడో ఆదివారం. ఉదయమంతా ఉక్కపోసి, భోజనాల వేళకు ఆకాశం నల్లబడి, ఒక్క ఉరుమైనా ముందుగా ఉరమకుండా వాన దిగింది. ఆ రోజు నాకింత గట్టిగా గుర్తుండడానికి కారణం వాన కాదు, కోపం. కోపాన్ని మింగడం వృత్తిలో భాగమని నమ్మి, ఉద్యోగకాలమంతా తరగతి గదుల్లో మింగుతూ వచ్చినదాన్ని. ఆనాటిది మాత్రం ఇంకా గొంతు దిగలేదు.

మా పక్క వాటాలో ఉండే ఆమెను భవనమంతా కౌంటరమ్మ అనేది. బస్టాండులో టికెట్ల కిటికీ వెనక ఉద్యోగం. ముందు అద్దం, అద్దానికి చెయ్యి దూరేంత కంత, కంతకు అవతల పొద్దస్తమానం మొహాలు. బస్సు రాకపోయినా తిట్లు ఆమెకే, వచ్చిన బస్సు నిండిపోయినా ఆమెకే. అద్దం మీద వేళ్ళతో టకటకా కొట్టేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మండేది. "తొట్టిలో చేపను పిలిచినట్టు పిలుస్తారు టీచరుగారూ" అనేది.

ఇంట్లో అంతకన్నా అన్యాయం. అన్న, వదిన, తల్లి, ఆమె ఉండే ఆ వాటాలో గదులు రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. హాలు దాటితే ఆమె గది, ఆమె గది దాటితే బాల్కనీ. బట్టలారేసుకునేది, చీపురు పెట్టుకునేది, అన్న సిగరెట్టు కాల్చుకునేది, వదిన ఫోనులో పుట్టింటివాళ్ళతో మాట్లాడుకునేది ఆ బాల్కనీలోనే. అందరి నడకా ఆమె మంచం పక్కనుంచే. హాలువైపు తలుపుకు ఒకప్పుడు గడియ ఉండేదట. "నడిచే దారికి గడియేమిటే, విడ్డూరం కాకపోతే" అని అన్న దాన్ని ఊడదీయించాడు.

ఆ గదిలో బల్లమీద ఒక పాత కంప్యూటరు, అందులో ఆమె కట్టుకున్న జంతుప్రదర్శనశాల. నలభై దాటిన మనిషికి ఆటలేమిటని ఇంట్లో ఎగతాళి. ఆట అన్న మాటను మనవాళ్ళు ఎందుకింత చులకన చేశారో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఆటకు ఉన్నన్ని నియమాలు ఆ ఇంటికి ఉండి ఉంటే నాకీ రాత రాసే పనే ఉండేది కాదు. విషయానికి వస్తాను.

ఆ ఆదివారం ఆమెకు సెలవు. తలకు నూనె పెట్టుకుని, పాత నైటీలో, పెంగ్విన్ల కొలను అడుగున మనుషులు నడిచే సొరంగం కడుతోంది. పక్కన కుర్చీ లాక్కుని నేను చూస్తున్నాను. ముందు గొయ్యి తవ్వాలి. గొయ్యి పొడిగా ఉండగానే అడుగున అద్దాల గొట్టం వేసి, రెండు కొసలనూ బయటి బాటలకు కలపాలి. ఆ తర్వాతే నీళ్ళు వదలాలి. తొందరపడి నీళ్ళు ముందు నింపితే గొట్టం దిగదు, మళ్ళీ అంతా తోడిపోయవలసిందే.

"జనానికి మంచి సరదా" అన్నాను.

"సరదా జనానికి కాదండీ. ఇదివరకు కొలను చుట్టూ నిలబడేవాళ్ళు. ఎటు చూసినా కళ్ళే. ఇవేమో పాపం ఆ బండ వెనక నక్కి, తిండికి కూడా బయటికొచ్చేవి కావు. ఇప్పుడు మనుషుల్ని గొట్టంలో పెట్టేశాను. ఇటు దూరి అటు పోవాల్సిందే. వీళ్ళకి అవి కనిపిస్తాయి, వాటికి వీళ్ళు కనిపించరు, అలాంటి అద్దం."

"అయితే బోనులో ఉన్నదెవరే?"

"ఇంకెవరు, టికెట్టు కొన్నవాళ్ళు! నీళ్ళన్నీ వాటివి."

నీళ్ళు వదిలింది. కాసేపటికి బండ వెనకనుంచి ఒక పెంగ్విన్ వచ్చి, అంచున నిలబడి, బుడుంగున దూకింది. గొట్టంలోని మనుషుల తలల మీదుగా అది ఈదుతుంటే ఆమె మొహం వెలిగింది.

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని అన్న వచ్చాడు. వెనక వాళ్ళ ఆఫీసు పెద్దమనిషి, ఆయన భార్య.

"రండి సార్, మా బాల్కనీలోంచి వాన చూడాలి మీరు. ఈమె మా చెల్లెలు. పెళ్ళీ గిళ్ళీ వద్దనుకుంది, ఇదిగో ఇలా జంతువులతో ఆడుకుంటూ ఉంటుంది."

ఇద్దరూ నవ్వారు. ఆవిడ వంగి, కంప్యూటరు తెరమీద గోటితో టకటకా కొట్టి, "ఇవి బాతులా?" అంది.

కౌంటరమ్మ లేచింది. కోపం వస్తే లోకం బహువచనం నుంచి ఏకవచనానికి దిగుతుంది. ఆమె మాత్రం ఏకవచనం నుంచి బహువచనానికి ఎక్కుతుంది.

"అన్నయ్యగారూ, వీళ్ళకు టికెట్లు కోశారా?"

"ఏంటే ఆ మాటలు?"

"రోజూ మీరంతా ఉచితంగానే తిరుగుతున్నారు. ఇవాళ బయటివాళ్ళను కూడా తెచ్చారు కదా, అడుగుతున్నాను."

"దారిలో కూర్చుని దారి నాదంటే ఎలా?"

"దారి కాదండీ. నేను పడుకునే గది."

అతిథులు గబగబా బాల్కనీలోకి వెళ్ళి వాన చూశారు. చూసి తిరిగి రావాలిగా, మళ్ళీ ఆమె ముందునుంచే తలలు వంచుకుని వచ్చారు.

మర్నాడు ఆమె వడ్రంగిని పిలిచింది. కంప్యూటరులో సొరంగం చూపించి, "హాలు తలుపు నుంచి బాల్కనీ తలుపు దాకా ఇలాంటిది, చెక్కతో" అంది.

"అద్దాలు కూడా పెట్టాలామ్మా?"

"అక్కర్లేదు. లోపల నడిచేవాళ్ళలో నేను చూడాల్సినంత అందగాళ్ళు లేరు."

గోడ వెంబడి సన్నటి నడవా వెలిసింది. దాని పక్కన మంచం, బల్ల పట్టేంత చోటు, ఒక చిన్న తలుపు, లోపలివైపు గడియ. తల్లి ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి చూసి, "చీకటిగా ఉందే, ఓ బల్బు పెట్టించు" అంది. బల్బు వెలిగింది. బకెట్టు పట్టడం లేదని వదిన పొద్దున్నే ఆ చెక్కలకు రాసుకుంటూ సణిగేది. అన్న మాత్రం భగ్గుమన్నాడు.

"నా ఇంట్లో నేను గొట్టంలో నడవాలా?"

"దారి మీది, నీళ్ళు నావి" అంది ఆమె.

నీళ్ళేమిటో అతనికి అర్థం కాలేదు, అడగనూ లేదు. ఆ రోజుల్లో ఆమె సెలవు దొరికితే గడియ వేసుకుని పట్టపగలు నిద్రపోయేది. ఆ వయసులో ఒక మనిషి పగటినిద్రను కొత్తగా నేర్చుకోవడం నేనక్కడే చూశాను.

వానలు వెనకబట్టిన రోజుల్లో, ఆమె డ్యూటీలో ఉండగా, పక్కింట్లో సుత్తి దెబ్బలు వినిపించి వెళ్ళాను. అన్న దగ్గరుండి నడవాను ఊడగొట్టిస్తున్నాడు. చెక్కలు బాల్కనీలోకి చేరాయి. ఆమె చిన్న తలుపు అప్పటికే చెప్పులు పెట్టుకునే అర అయింది.

"బాబూ, మీ స్నానాలగదికి గడియ ఉందా?" అని అడిగాను.

"మీకెందుకండీ మా ఇంటి సంగతులు?" అన్నాడు.

ఇంతలో ఆమె వచ్చింది. గుమ్మంలో నిలబడి, ఒక్కొక్క గోడనూ చూసింది.

"సాయంత్రం సార్‌వాళ్ళు వస్తున్నారు. ఇల్లంతా అసహ్యంగా ఉంది, తీయించాను" అన్నాడు అన్న, ఎటో చూస్తూ.

"మంచిదండీ. వాళ్ళొచ్చేసరికి గది ఖాళీగా ఉంటుంది. హాయిగా తిరగండి."

"ఎక్కడికే?" అంది తల్లి.

"గడియ ఉన్నచోటికమ్మా."

ఒక సంచిలో బట్టలు, రెండో సంచిలో కంప్యూటరు. పెద్ద తెర నేను పట్టుకుని కిందిదాకా దిగాను. "కోపంలో ఉంది, రెండ్రోజుల్లో అదే వస్తుంది" అని అన్న పైనుంచి వదినతో అనడం మెట్లమీద నాకు వినిపించింది. ఆమెకూ వినిపించింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఏళ్ళు గడిచాయి. పోయినవారం ఆమె దగ్గరనుంచి ఈ ఉత్తరం వచ్చింది.

"టీచరుగారికి నమస్కారాలు. మొన్న అన్నయ్యగారు వచ్చారు. ఈ 'గారు' చూసి మీకు అర్థమై ఉంటుంది, నా కోపం ఎక్కడిదక్కడే ఉంది. ముందు అలవాటుగా తలుపు తోశారు. గడియ వేసి ఉంది. అప్పుడు కొట్టారు, మా కౌంటరు అద్దం మీద కొట్టినట్టే, టకటకా. నేను పెంగ్విన్ల కొలనుకు రెండో సొరంగం వేస్తున్నాను. దాని కొస బాటకు కలిపి, నీళ్ళు వదిలాకే లేచాను. అంతసేపూ బయటే నిలబడ్డారు. అమ్మ అప్పుడప్పుడూ వచ్చి నా దగ్గర ఉంటుంది కదా, అప్పుడు గడియ తనే వేస్తుందని ఆయనతో చెప్పాను. చెప్పులు విడిచి లోపలికొచ్చారు. కుర్చీ వేశాను, టీ ఇచ్చాను. గది చుట్టూ చూసి, గాలాడదేమో, బాల్కనీ లేదా అని అడిగారు. లేదన్నాను. ఉంది టీచరుగారూ, పెద్దదే. బీరువా పక్కన, గుడ్డ తెర వెనక."