హోమ్‌బర్గ్ మేడం నిజం పుచ్చుకోదు

ఆర్డిస్ హోమ్‌బర్గ్ మేడానికి నిజం పడదు. కొందరికి వంకాయ పడనట్టు, కొందరికి పిల్లి బొచ్చు పడనట్టు. లిండేల్ పబ్లిక్ హైస్కూలు ఆఫీసులో, లేటుగా వచ్చినవాళ్లకు చీటీలు రాసిచ్చే కిటికీ వెనక ఆవిడ ఇరవై ఆరేళ్లుగా కూర్చుని ఉంది. ఈ ఇరవై ఆరేళ్లలో ఒక్క నిజం కూడా ఆ కిటికీ దాటి లోపలికి పోలేదు. ఒకసారి ఒకటి దూరబోతే ఆవిడే కిటికీ రెక్క వేసేసిందని చెబుతారు.

"ఎందుకు లేటు నాయనా?"

"నిద్ర లేవలేదు మేడం."

"చప్పగా ఉంది. ఆ బెంచీ మీద కూర్చో. ఉప్పూ కారం తగిలాక రా."

కుర్రాడు కాసేపు గోళ్లు కొరుక్కుని తిరిగొచ్చేవాడు. "మా తాత కట్టుడుపళ్లు అలారం గడియారాన్ని మింగేశాయి మేడం. గంట ఆయన నోట్లో మోగింది. మేం పక్కింట్లో అనుకున్నాం."

"ఇదీ కారణమంటే." ఆవిడ అక్షరం పొల్లు పోకుండా రాసుకుని, కింద 'మన్నించడమైనది' అన్న గడిలో టిక్కు పెట్టి చీటీ చింపి ఇచ్చేది.

లిండేల్ యూనివర్సిటీ ఊరు. అక్కడ రాయి విసిరితే ప్రొఫెసర్‌కి తగులుతుంది, ఆయన దాని మీద వ్యాసం రాస్తాడు. ఎలియట్ వైస్‌మన్ వాళ్ల నాన్న అలాంటివాడే. కొడుకు ఆలస్యానికి కారణం యూనివర్సిటీ ముద్ర ఉన్న కాగితం మీద రెండు పేజీలు టైపు చేసి, అడుగున తొమ్మిది గ్రంథాల పేర్లతో సహా పంపాడు. మేడం కళ్లద్దాలు పెట్టుకుని ఓపిగ్గా చదివింది.

"ఇందులో ఒక్క జంతువైనా లేదేం?"

"జరిగింది జరిగినట్టు రాశారు మేడం."

"పాపం. బెంచీ మీద కూర్చో బాబూ."

ఆ బెంచీని అందరికన్నా ఎక్కువ అరగదీసింది కోరా బ్లెవిన్స్. ఆఖరి సంవత్సరం పిల్ల. హైస్కూలు గంట ఏడూ నలభైకి కొడతారు. కోరా వారానికి రెండు మూడు రోజులు ఎనిమిదింబావుకి వస్తుంది. ఎందుకంటే ఆమె తమ్ముళ్లిద్దరి చిన్నబడి తలుపులు ఎనిమిదింటికి గాని తెరవరు. వాళ్లమ్మ లోరెట్టా ఆ రోజుల్లో ముందు రాత్రంతా యూనివర్సిటీ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే యంత్రాల దగ్గర నిలబడి, ఏడింటికి ఇల్లు చేరి, ఒక బూటు విప్పి రెండోది విప్పేలోపు నిద్రపోతుంది. ఆవిడకి కోరా సెప్టెంబరులోనే చెప్పింది: "పెద్ద క్లాసు వాళ్లకి ఎనిమిదిన్నరకి బడి." నిజం తెలిస్తే అమ్మ నిద్ర మానుకుని తనే పిల్లల్ని తీసుకెళ్తుంది. తర్వాత రాత్రికి యంత్రంలో దుప్పట్లతో పాటు తనూ పడుతుంది.

కాబట్టి కోరా లేటైన రోజుకో కథ అల్లేది. మధ్యాహ్నం ఫలహారశాలలో గొప్పలు పోయేది. "ముసలావిడకి కొంచెం స్క్రూ వదులు. నేనేం చెప్పినా నమ్ముతుంది. ఆవిణ్ని బుట్టలో వేసినంత సులువుగా ఇంకెవర్నీ వెయ్యలేదు."

డిసెంబరులో మేడం మోకాలి ఆపరేషనుకి వెళ్లింది. బదులు కూర్చున్నావిడకి కథలు గిట్టవు. "మీ ఇంటికి ఫోన్ చెయ్యనా, మన్నించరాదని రాసెయ్యనా?" అనడిగింది. కోరా ఏమందో చెప్పనక్కర్లేదు. అలా తొమ్మిదిసార్లయింది. పదోసారి పడితే మొదటి పీరియడు లెక్కల సబ్జెక్టు పోతుంది, అది పోతే జూన్‌లో పట్టా లేదు. మేడం కుంటుకుంటూ తిరిగొచ్చిన రోజు కోరా కిటికీ ముందు నిలబడి ఏకంగా ఒక సర్కస్సునే నది దాటించింది.

ఫిబ్రవరిలో కొత్త వైస్ ప్రిన్సిపాల్ పెట్టిబోన్ గారు దిగారు. చాలా నిక్కచ్చి మనిషి. ఆయన టై కూడా స్కేలు పెట్టి గీసినట్టుండేది. రెండో వారంలోనే చీటీల పెట్టె బల్ల మీద బోర్లించి, మేడాన్నీ కోరానీ పిలిపించారు.

"కోరా బ్లెవిన్స్. మన్నించని లేట్లు తొమ్మిది. మన్నించినవి నలభై ఒకటి." ఒక చీటీ ఎత్తి చదివారు. "'వంతెన మీద ఆవు అడ్డం నిలబడి లెక్కల పరీక్ష పెట్టింది. తప్పాను. మళ్లీ రాయించింది.' దీన్ని ఎలా మన్నించారు మేడం?"

"ఆవు లెక్కల్లో గట్టిది సార్."

"నేను నవ్వులాటకి పిలవలేదు. ఇవన్నీ కొట్టేస్తాను. అమ్మాయ్, అసలు కారణం చెప్పు. మీ ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటాను. సరిగ్గా ఉంటే మన్నిస్తాను."

గోడ గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది. అమ్మ రెండో బూటు ఇంకా కాలికే ఉండి ఉంటుంది. కోరా నేల చూపులు చూసింది.

"కారణం ఏం లేదు సార్. బద్ధకం."

"అది అబద్ధం సార్," అంది మేడం. "పైగా చప్పటి అబద్ధం." ఆవిడ సంచీలోంచి బడి నిబంధనల పుస్తకం తీసింది. "ఇరవై రెండో పేజీ. 'జరగడానికి వీలున్న కారణం చెబితే ఇంటికి ఫోన్ చేసి నిర్ధారించాలి. నిర్ధారణ కాకపోతే మన్నించరాదు.' వీల్లేని కారణం చెబితే ఏం చెయ్యాలో రాయలేదు. రాయలేదు కనక ఫోన్ అక్కర్లేదు. అందుకని మన్నించాను."

పెట్టిబోన్ గారు పుస్తకం లాక్కుని చూశారు. నిజంగానే లేదు. దాన్ని రాసిన తల్లిదండ్రుల సంఘంలో ఇద్దరు తత్వశాస్త్రం వాళ్లు, ఒక న్యాయశాస్త్రం ఆయన ఉన్నారు. 'వీలున్న' అంటే ఏమిటో మూడు నెలలు కొట్టుకున్నారు. 'వీల్లేని' సంగతి తర్వాతి సమావేశానికి వాయిదా వేశారు. ఆ రోజు యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆట ఉంది. ఎవరూ రాలేదు.

"ఇంత తిరకాసు దేనికి మేడం?"

"ఫోన్ మోగకుండా ఉండటానికి సార్. ఈ ఊళ్లో సగంమంది పగలంతా పుస్తకాలు రాస్తారు. మిగతా సగం రాత్రంతా వాళ్ల గిన్నెలు తోమి, దుప్పట్లు ఉతికి, పొద్దున ఏడింటికి పడుకుంటారు. నేను ఎనిమిదింటికి ఫోన్ చేస్తే ఎవరు లేస్తారు?"

"మరి ప్రొఫెసర్ గారి అబ్బాయినీ బెంచీ ఎక్కించారట?"

"అవసరమున్న పిల్లల చేతే కథలు చెప్పిస్తే, అవసరం ఎవరికుందో వరసలో నిలబడ్డ అందరికీ తెలిసిపోతుంది కదా సార్."

కోరా నోరు తెరిచింది. బుట్టలో ఎవరు ఎవర్ని వేశారో అప్పుడు తెలిసింది.

"మీకు ముందే తెలుసా?"

"లేటైన రోజల్లా నీ కోటు జేబులోంచి చిన్నపిల్లల చేతి తొడుగు ఒకటి వేలాడుతుంటుంది తల్లీ. ఒకరోజు పసుపుది, ఒకరోజు డైనోసార్లది. నీ చేతులకి పడతాయా అవి?"

పెట్టిబోన్ గారు చాలాసేపు టై సవరించుకున్నారు. తర్వాత కలం తీసి, ఒక్కో చీటీ మీద 'జరగడానికి వీల్లేదు' అని రాసి సంతకం పెట్టడం మొదలెట్టారు. ఆవు అయింది. సర్కస్సు అయింది. నలభై సంతకాలయ్యాక కలం ఆగిపోయింది.

"ఇది కుదరదు. 'అక్టోబరు పంతొమ్మిది. పంది నా సంచీ నోట కరుచుకుని నది ఈదింది.' పందులు ఈదుతాయి."

"ఈదవు సార్," అంది మేడం గబగబా.

"అయోవాలో మా నాన్నకి మూడొందల పందులుండేవి మేడం. వరదలో ఒకటి మా చెల్లెలి గౌను కరుచుకుని ఈదింది. దీనికి వీలుంది. వీల్లేదని నేను సంతకం పెట్టలేను."

పెడితే మన్నించినవి నలభై ఒకటి. పెట్టకపోతే మన్నించనివి పది. కోరా పట్టా మొత్తం ఒక పంది ఈత మీద ఆధారపడి ఉంది.

"అయితే ఫోన్ చెయ్యాలి," అన్నారాయన. మేడం మొహం పాలిపోయింది. ఆయన గడియారం వంక చూశారు. "ఏ వేళప్పుడు చెయ్యాలో పుస్తకంలో ఉందా?"

ఆవిడ పేజీ తిప్పింది. మళ్లీ తిప్పింది. "లేదు సార్."

"అయితే సాయంత్రం నాలుగింటికి చేస్తాను."

ఆ సాయంత్రం కోరా మంచులో రెండుసార్లు జారిపడుతూ ఇంటికి పరిగెత్తింది. ముందే అమ్మ చెవిన వేద్దామనుకుంది గాని, ఆమె గడప దాటేసరికే ఫోన్ మోగింది. లోరెట్టా మాకరోనీలో చీజు కలుపుతున్న గరిటె చేత్తోనే ఫోన్ ఎత్తింది. పెట్టిబోన్ గారి గొంతు గది అవతలికీ వినిపించింది. అక్టోబరు పంతొమ్మిది ఉదయం, బడికి లేటు, నది, సంచీ, పంది.

తమ్ముళ్లిద్దరూ చెంచాలు గాల్లో ఆపేశారు. లోరెట్టా కూతురి మొహం చూసింది. తలుపు దగ్గర కోరా విప్పిన తడి బూట్లు చూసింది, వాటి పక్కన రెండు జతల చిన్న బూట్లు చూసింది.

"అవును సార్," అంది. "ఈదింది."

"సంచీ తడిసిందా అమ్మా?"

"అడుగు మాత్రం సార్. నేనే ఆరేశాను."

"పంది ఏ రంగు?"

లోరెట్టా మళ్లీ ఆ తడి బూట్ల వంక చూసింది. "మట్టి రంగు సార్. దాని అసలు రంగు ఇంతవరకు ఎవరూ చూళ్లేదు."

"చాలా సంతోషం. నిర్ధారణ అయింది."

ఆవిడ ఫోన్ పెట్టేసి, పొయ్యి సన్నం చేసింది.

"ఎనిమిదిన్నరకి బడి అన్నావు?"

"ఏడూ నలభైకి," అంది కోరా, వినపడీ వినపడనట్టు.

లోరెట్టా ఆమె కంచంలో రెండు గరిటెలు ఎక్కువ వేసింది.

"ఈసారి ఏ జంతువో ముందురోజే చెప్పి చావు. రంగు కూడా అడుగుతాడని నాకేం తెలుసు?"