అవ్వ దిండు పక్కన మైకు

హిందూపురంలో నాకు రేడియో రిపేరు నేర్పిన భాయ్ మొన్న శుక్రవారం కన్నుమూశారు. జబ్బు సంగతి నాకు చెప్పొద్దన్నారట. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. దాచడం ఆయనకు కొత్తేమీ కాదు.

రెండువేల అయిదో ఆరో, ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి హోమ్ థియేటర్ కొన్నాడు. హాలంతా నున్నటి రాయి. గంగాళంలో తల పెట్టి మాట్లాడినట్టు ఒకటే మోత. సరిచెయ్యమని మమ్మల్ని పిలిచాడు. గదిని మైకుతో కొలిచి శబ్దాన్ని తామే సర్దుకునే ఆంప్లిఫయర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. రెండు రకాలు తీసుకుని రైలెక్కాం. ఏది మంచిదో భాయ్ తేల్చాలి.

పెనుకొండ దాటాక ఆయన మెల్లగా అన్నారు. "నాకు కుడిచెవి పోయి రెండేండ్లాయప్పా. ఎవురికీ చెప్పొద్దు. తెలిస్తే నన్ను పనికి ఎవురు పిలుస్తారు?"

"వెనక్కి పోదామా భాయ్?"

"ఇంకో చెవి ఉండాది కదా."

మొదటి యంత్రం సోఫా దగ్గర ఒక్కచోటే కొలిచింది. పాట తియ్యగా ఉంది, వ్యాపారి మురిసిపోయాడు. రెండోది ఆరుచోట్ల కొలవాలి. అంతసేపూ ఫ్యాను ఆపాలి, కిక్కురుమనకూడదు. ఎవరో ఒకరు దగ్గేవారు, మళ్ళీ మొదటికి. ధర్మవరం ఎండల్లో తలప్రాణం తోకకొచ్చింది. భాయ్‌ది ఉడుంపట్టు. ఆ ఇంట్లో సోఫా ఎక్కేవాళ్ళే లేరు, అందరూ చాప మీదే. అది చూసి మైకును నేల మీదికి దించారు. చివరికి మూల మంచంలో ఉన్న, చెవులు మందమైన వ్యాపారి తల్లి దిండు పక్కన పెట్టారు.

"పాట మొదటిదాంట్లోనే బాగుండాది కదా భాయ్, నీకు వినపడల్యా?" అన్నాడు వ్యాపారి.

భాయ్ తొణకలేదు. "పాట సరేనప్పా, మాట తెలియల్ల కదా" అని టీవీలో వార్తలు పెట్టించి, రెండు యంత్రాలనూ మార్చి మార్చి వినిపించారు. "ఏమవ్వా, దేంట్లో తెలుస్తాంది?"

"రెండోదాంట్లోనే నాయనా. ముందుది వట్టి గుయ్యిమంటాంది" అంది అవ్వ. వ్యాపారి తల్లి పక్కన కూర్చుని విన్నాడు. రెండోదే ఉంచుకున్నాడు.

తిరుగు రైల్లో భాయ్ అన్నారు, "మాట అందకపోతే ఎట్లుంటాదో వినపడనోనికే తెలుస్తాదప్పా."

తర్వాత ఎన్నో ఇళ్ళలో అట్లే కొలిచాం. ఇంట్లో ఎవరికి చెవులు మందమో అడిగి, భాయ్ మైకు వాళ్ళ దగ్గర పెట్టేవారు. ఆయన చెవి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఇక ఆయన పనికి అడ్డుపడేవాళ్ళు లేరు.

చివరిచూపుకు వెళ్ళేసరికి జనమంతా ఆయన కుడిపక్కన నిలబడి ఉన్నారు. చుట్టూ తిరిగి ఎడమపక్కకు పోయి, వంగి, "నేనొచ్చినా భాయ్" అన్నాను.